డీస్టర్‌వేగ్ కొలువు పోవడానికి కారణం రాజకీయమా, బోధనా పద్ధతా?

పాతపలక (ప్రశ్న):
బీఎడ్ చదివే రోజుల్లో పెస్టలోజీ, హెర్బార్ట్, ఫ్రోబెల్ వంటి విద్యావేత్తల పేర్లు కంఠతా పట్టాం గానీ, జర్మన్ విద్యావేత్త అడాల్ఫ్ డీస్టర్‌వేగ్ పేరు చదివిన గుర్తు నాకు లేదు. ఈమధ్య కిండర్‌గార్టెన్లకు ఆద్యుడైన ఫ్రోబెల్ గురించి చదువుతుండగా, చివరి సంవత్సరాల్లో ఆయనకు అండగా నిలిచినవారిలో ఒకడిగా ఈ పేరు తగిలింది. 1790లో జీగెన్ పట్టణంలో పుట్టిన ఈయన 1832లో బెర్లిన్ ఉపాధ్యాయ శిక్షణాలయానికి అధిపతి అయ్యాడనీ, 1847లో ప్రభుత్వం ఆయన్ను ఆ బాధ్యతల నుంచి తప్పించిందనీ, 1858లో ప్రష్యా (బెర్లిన్ రాజధానిగా ఉన్న అప్పటి జర్మన్ రాజ్యం) ప్రతినిధుల సభకు ఎన్నికయ్యాడనీ తెలిసింది. నా సందేహం ఒక్కటే. ఉదారవాద రాజకీయాల్లో తిరిగినందుకు కొలువు పోయిందా, కొలువు పోయినందువల్ల రాజకీయాల్లోకి వచ్చాడా?

లెక్కలమాస్టారు:
తేదీల ప్రకారం చూస్తే మీరు చెప్పిన రెండోదే నిజం. అయితే ఆ కాలపు ప్రష్యాలో బడి నడిపే తీరే రాజకీయ విషయం కాబట్టి, తేదీలతో మీ సందేహం పూర్తిగా తీరదు. అక్కడ ప్రాథమిక పాఠశాలను తనిఖీ చేసే అధికారం సాధారణంగా స్థానిక మతగురువుది. పల్లెటూరి ఉపాధ్యాయుడు చాలాచోట్ల చర్చిలో వాద్యం వాయించడం, గంట కొట్టడం వంటి పనులు కూడా చేస్తూ, అదే గురువు కింద నౌకరులా బతికేవాడు. బోధన అనేది ఒక వృత్తి అనీ, దాని మంచిచెడులు ఆ వృత్తి తెలిసినవాళ్లే తేల్చాలనీ డీస్టర్‌వేగ్ వాదించాడు. ఒక్కో మతశాఖ సిద్ధాంతాలను పిల్లలచేత వల్లె వేయించే బదులు, అన్ని శాఖల పిల్లలూ కలిసి కూర్చోగల మతబోధన ఉండాలన్నాడు. 1827లో తాను స్థాపించిన విద్యాపత్రికలో ఈ మాటలన్నీ ఏళ్ల తరబడి రాశాడు, బెర్లిన్‌లో ఉపాధ్యాయ సంఘాలు ఏర్పడటానికీ పూనుకున్నాడు.

ఆయన పద్ధతికి మంచి ఉదాహరణ 1840లో వచ్చిన ఖగోళ పాఠ్యపుస్తకం. ముందు సూత్రం చెప్పి తరువాత వివరించడం కాకుండా, తన కంటికి కనిపించే సూర్యోదయం, నక్షత్రాల కదలిక వంటివాటితో మొదలుపెట్టి పిల్లవాడు వాటి అసలు కారణం దాకా వెళ్లాలన్నది ఆయన పట్టుదల. చెడ్డ ఉపాధ్యాయుడు సత్యాన్ని చేతికి అందిస్తాడు, మంచి ఉపాధ్యాయుడు దాన్ని కనుక్కోవడం నేర్పుతాడు అన్న ప్రసిద్ధ వాక్యం ఆయనదే. నేను తరగతిలో ఎన్నోసార్లు మొదటి రకంగానే ప్రవర్తించాను కాబట్టి, ఆ వాక్యం కొంచెం గుచ్చుకుంటుంది.

బెర్లిన్‌లో తెలుగు:
మాస్టారుగారు చెప్పినది చాలావరకు సరైనదే గానీ, ఆ పద్ధతే ప్రభుత్వానికి కంటగింపు అయిందనే అర్థం వస్తే మాత్రం నేను ఒప్పుకోను. 1806లో నెపోలియన్ చేతిలో ఓడిపోయాక, దేశం మళ్లీ నిలదొక్కుకోవాలంటే చదువే దారి అని నమ్మి, యువ ఉపాధ్యాయులను స్విట్జర్లాండ్‌లోని పెస్టలోజీ దగ్గరకు పంపినది ప్రష్యా ప్రభుత్వమే. 1820లో డీస్టర్‌వేగ్‌ను మ్యోర్స్ శిక్షణాలయానికీ, తరువాత బెర్లిన్‌కూ తీసుకున్నదీ ఆ ప్రభుత్వమే. అప్పటి విద్యామంత్రి ఆల్టెన్‌స్టైన్ 1840లో మరణించాడు. అదే ఏడు నాలుగో ఫ్రెడరిక్ విలియం గద్దెనెక్కాడు, ఐష్‌హోర్న్ మంత్రి అయ్యాడు. రాజు భక్తిపరుడు, బడి చర్చి చెప్పుచేతల్లో ఉండాలని కోరుకున్నవాడు. డీస్టర్‌వేగ్ మాత్రం దాదాపు మునుపటి మాటలే, కాస్త గొంతు పెంచి, చెబుతూ వచ్చాడు. నిన్నటి దాకా ప్రభుత్వానికి పనికొచ్చిన మనిషి అక్కడే నిలబడి ఉండగా, ప్రభుత్వం పక్కకు జరిగి ఆయన్ను విరోధిగా చూసింది. నా దృష్టిలో అసలు సంగతి ఇదీ.

1848 విప్లవం అణిగిపోయాక రాజు 1849లో శిక్షణాలయాల ప్రతినిధులను పిలిపించి, ఆ అనర్థానికంతటికీ వాళ్లు నేర్పిన చదువే మూలమని మందలించాడు. మరుసటి ఏడు డీస్టర్‌వేగ్‌కు విశ్రాంతి వేతనమిచ్చి శాశ్వతంగా పంపించేశారు.

పాతపలక:
ఇద్దరికీ ధన్యవాదాలు. అలాగైతే 1851లో ప్రష్యాలో కిండర్‌గార్టెన్లను నిషేధించడం కూడా ఈ ధోరణిలో భాగమేనా? పసిపిల్లల ఆటలకు ప్రభుత్వం ఎందుకు భయపడిందో అర్థం కావడం లేదు.

బెర్లిన్‌లో తెలుగు:
అవునండీ, అందులో భాగమే. ఫ్రోబెల్ అన్న కొడుకు కార్ల్ ఫ్రోబెల్ రాసిన ఒక చిన్న పుస్తకాన్ని చూసి, అప్పటి విద్యామంత్రి రౌమర్ ఇద్దరి ఆలోచనలనూ ఒకే గాట కట్టి, కిండర్‌గార్టెన్లు నాస్తికత్వాన్నీ సోషలిజాన్నీ పెంచుతాయని ఆజ్ఞ ఇచ్చాడు. పొరపాటు తెలిసినా నిషేధం తొలగలేదంటే, పేరు తికమక ఒక సాకు మాత్రమేనని నా అనుమానం. డీస్టర్‌వేగ్ 1849లో లీబెన్‌స్టైన్ అనే ఊళ్లో, ఫ్రోబెల్ అనుచరురాలు బెర్తా ఫాన్ మారెన్‌హోల్ట్స్-బ్యూలో ద్వారా ఫ్రోబెల్‌ను కలుసుకున్నాడు. మొదట పెద్దగా ఆశ లేకుండానే వెళ్లినా, పిల్లల మధ్య ఆ వృద్ధుణ్ణి చూశాక ఆయన మనసు మారింది, ఆ తరువాత తన రచనల్లో ఆయన పక్షాన నిలిచాడు. ఫ్రోబెల్ 1852లో పోయాడు. నిషేధం 1860 దాకా సాగింది.

లెక్కలమాస్టారు:
శాసనసభ సంగతి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెబుతాను. 1854 అక్టోబరులో ష్టీల్ అనే అధికారి రూపొందించిన నిబంధనలు వెలువడ్డాయి. ప్రాథమిక పాఠశాలల్లో మతం, చదవడం, రాయడం, లెక్కలు, పాటలకే ప్రధాన స్థానం ఇచ్చి, శిక్షణాలయాల్లో బోధనాశాస్త్రాన్ని బాగా కుదించి, కాబోయే ఉపాధ్యాయులు జర్మన్ మహాకవుల గ్రంథాలను సొంతంగా చదువుకోవడాన్ని కూడా అడ్డుకున్నాయి. దాదాపు ముప్పై ఏళ్లు ఉపాధ్యాయులను తయారుచేసిన మనిషికి ఇంతకంటే అవమానం ఏముంటుంది? కొలువు లేకపోయినా తన పత్రికలోనూ, 1851 నుంచి వెలువరించిన వార్షిక సంచికల్లోనూ డీస్టర్‌వేగ్ ఈ నిబంధనల మీద విరామం లేకుండా రాశాడు. 1858లో, రాజు బదులు పాలించిన రాజప్రతినిధి విలియం హయాంలో గాలి మారగానే, డెబ్బైకి దగ్గరపడిన వయసులో బెర్లిన్ ప్రతినిధిగా సభలో అడుగుపెట్టి, అవే వాదనలు అక్కడ వినిపించాడు. పన్ను చెల్లించే స్తోమతును బట్టి ఓటర్లను మూడు తరగతులుగా విభజించిన ఎన్నికల్లో గెలిచిన మనిషి, బీదవాళ్ల పిల్లల బడి గురించి మాట్లాడటం నాకు కాస్త విచిత్రంగా తోచింది.

నిబంధనలు మాత్రం ఆయన జీవితకాలంలో రద్దు కాలేదు. క్యోనిగ్‌గ్రేట్స్ యుద్ధంలో ఆస్ట్రియా మీద ప్రష్యా గెలిచిన నాలుగు రోజులకు, 1866 జులై 7న, బెర్లిన్‌లో కలరాతో ఆయన కన్నుమూశాడు. ఆరేళ్ల తరువాత, 1872లో, విద్యామంత్రి ఫాల్క్ ష్టీల్ నిబంధనలను తొలగించాడు. పాఠశాలల తనిఖీ అధికారం చర్చిది కాదు, రాజ్యానిదే అని తేల్చిన చట్టమూ ఆ ఏడాదే వచ్చింది. అయితే చాలా ఊళ్లలో తనిఖీకి వచ్చేది మాత్రం ఆ తరువాత కూడా పాత మతగురువే.