యాపిల్ ఉడికించి తీపి చేస్తే పాలు పోయాలా, వద్దా?

హన్మకొండ వంటిల్లు:
ఈమధ్య ఎవరింట్లో చూసినా యాపిల్ తీపి అంటే లీటరు పాలు మరిగించడం, కోవా వేయడం, పైన జీడిపప్పు చల్లడం. తింటే బాసుంది రుచి వస్తుంది, యాపిల్ జాడ ఉండదు. నా మాట ఒక్కటే: ఉడికిన యాపిల్‌కు పాలు అక్కర్లేదు.

నేను చేసే పద్ధతి చెప్తాను. అడుగు మందంగా ఉన్న గిన్నెలో చెంచాడు నెయ్యి వేడిచేసి, తొక్క, గింజలు తీసి కోసిన మూడు యాపిల్స్ వేయాలి. రెండు చెంచాల నీళ్ళు చల్లి మూతపెట్టి మంట సన్నగా ఉంచితే పది నిమిషాల్లో ముక్కల అంచులు పటికబెల్లంలా నిగనిగలాడతాయి. గంటెతో అదిమితే సగం గుజ్జయి, సగం ముక్కగా నిలవాలి. అప్పుడు రెండు చెంచాల చక్కెర, చిటికెడు దాల్చినచెక్క పొడి, దించేముందు నాలుగు చుక్కల నిమ్మరసం. చక్కెర, నిమ్మరసం ముందే వేస్తే ముక్క తొందరగా మెత్తబడదు. చాలామంది “ఎంత ఉడికించినా గట్టిగానే ఉంది” అనడానికి కారణం ఇదే.

కాజీపేట అమ్మ:
నేను ఒప్పుకోను అక్కా. అలా ఉత్త ముక్కలు పెడితే మా పిల్లలు ముట్టరు. అదే సేమియా పాయసంలో కలిపితే గిన్నె నాకేస్తారు. పాలు విరుగుతాయని భయపడేవాళ్ళకు చెప్తున్నా, పచ్చి తురుము వేడి పాలలో వేస్తేనే ఆ తంటా. యాపిల్‌లో ఉండే పులుపు, వేడి రెండూ కలిసి పాలను విరగ్గొడతాయి. తురుమును నెయ్యిలో నీరంతా ఇంకేదాకా వేయించి, చల్లార్చి, చల్లారిన పాయసంలో కలపండి. చక్కగా కలిసిపోతుంది.

మంచిర్యాల మాస్టారు:
అసలు యాపిల్‌ను పొయ్యి ఎక్కించడం ఎందుకమ్మా? ఆసిఫాబాద్ జిల్లాలో కూడా తోట వేసి కాయించారు గానీ, మన బజారుకు వచ్చేది ఎక్కువగా కశ్మీర్, హిమాచల్ పండే. అంత దూరం నుంచి వచ్చిన పండును ఉడకబెట్టి విటమిన్ సి పోగొట్టుకోవడం నాకు నచ్చదు. కొరికి తినండి.

హన్మకొండ వంటిల్లు:
మాస్టారూ, విటమిన్ సి కోసమైతే జామపండు తినాలి, యాపిల్‌లో ఉండేది ఎప్పుడూ తక్కువే. ఇంకో మాట. మన దగ్గర ఎవరికైనా జ్వరమొచ్చినా, ఆపరేషన్ అయినా చూడ్డానికి వచ్చినవాళ్ళంతా యాపిల్సే తెస్తారు. వారం తిరిగేసరికి ఫ్రిజ్‌లో అవి పిండిపిండిగా అవుతాయి, కొరికితే చప్పగా ఉంటాయి. పళ్ళు లేని మా అత్తమ్మ వాటిని ఎలా కొరుకుతుంది? ఉడికించి గోరువెచ్చగా పెడితే కడుపు నిండా తింటుంది. ఆరు నెలలు దాటిన పసిపిల్లలకు ఇదే గుజ్జు చక్కెర, తేనె లేకుండా పెట్టొచ్చు. ఏడాది నిండేదాకా తేనె అసలు పెట్టకూడదు, ఇది మాత్రం గుర్తుంచుకోండి.

జనగామ పిల్ల:
పండ్లు ఉడికించి తినడం మనకేం కొత్త కాదు కదా. పెళ్ళిళ్ళలో ఖుబానీ కా మీఠా ఎలా చేస్తారు? ఎండు ఖుబానీలు రాత్రంతా నానబెట్టి, గింజ తీసి, చక్కెరతో మెత్తగా ఉడికిస్తారు. మలై వడ్డించేటప్పుడు పైన వేస్తారు, లోపల కలిపి ఉడికించరు. యాపిల్‌కూ అదే చేస్తే మీ ఇద్దరి గొడవా తీరుతుంది.

కాజీపేట అమ్మ:
తీరదు చెల్లీ. ఇంగ్లండులో యాపిల్ క్రంబుల్, అంటే యాపిల్ ముక్కల మీద పిండి, వెన్న, చక్కెర కలిపిన పొడి చల్లి కాల్చే తీపి, తినేటప్పుడు దాని మీద కస్టర్డ్ పోసుకుంటారు. కస్టర్డ్ అంటే పాలే కదా. వాళ్ళకు కుదిరింది మనకెందుకు కుదరదు?

హన్మకొండ వంటిల్లు:
మంచి ప్రశ్న. వాళ్ళు వంటకు వాడేది బ్రామ్లీ అనే రకం. 1809లో నాటింగ్‌హామ్‌షైర్‌లోని సౌత్‌వెల్‌లో నాటిన గింజ నుంచి వచ్చింది. పచ్చిగా తినలేనంత పులుపు, ఉడికితే నురగలా గుజ్జయిపోతుంది. అంత పులుపు మీద పాల కమ్మదనం పడితే బాగుంటుంది. మన బండ్ల మీద దొరికే డెలీషియస్ రకాలు అసలే తియ్యన, పులుపు తక్కువ. వాటిని పాలలో ముంచితే రుచి చచ్చిపోతుంది. నేను నిమ్మరసం వేసేదీ అందుకే.

కాజీపేట అమ్మ:
అయితే పుల్లగా ఉండే గ్రీన్ యాపిల్ తెస్తాను. కానీ పులుపు పెరిగితే పాలు ఇంకా తొందరగా విరుగుతాయిగా?

హన్మకొండ వంటిల్లు:
విరుగుతాయి. కస్టర్డ్ వేరే గిన్నెలో చేసి తినేముందు పోసుకునేది అందుకే కాబోలు. మీరూ సేమియా పాయసం విడిగా కాచుకోండి. గిన్నెల్లో పోశాక, మీద ఒక్కో గంటెడు ఉడికిన యాపిల్ వేసి ఇవ్వండి, కలపకండి. గ్రీన్ యాపిల్‌కు నిమ్మరసం వద్దు, చక్కెర ఇంకో చెంచా పడుతుంది. పిల్లలు ముందు ఏది ఖాళీ చేశారో ఇక్కడే రాయండి.