తస్మదీయులు ఎవరు? సినిమా దాటి వచ్చిన మాటలు

‘తస్మదీయులు’ (మనవాళ్ళు కానివాళ్ళు, అవతలి పక్షం) అన్న మాటకు సంస్కృతంలో వ్యుత్పత్తి ఏమిటని అడిగారు కదా, అలాంటిదేమీ లేదండీ. అస్మద్ నుంచి అస్మదీయ (మాది), యుష్మద్ నుంచి యుష్మదీయ (మీది), తద్ నుంచి తదీయ (వారిది) వస్తాయి. తస్మదీయ రావడానికి దారే లేదు. ఆ మాట పుట్టిల్లు 1957 నాటి ‘మాయాబజార్’. పింగళి నాగేంద్రరావు గారు ఘటోత్కచుడి పరివారం నోట అస్మదీయుల్ని ‘అసమదీయులు’ చేసి, దానికి జోడీగా ‘తసమదీయులు’ అనిపించారు. ఇదెక్కడి మాటని సందేహం వస్తే, ఎవరో ఒకరు పుట్టించకపోతే మాటలెలా పుడతాయని ఎస్వీ రంగారావు ఘటోత్కచుడు వెనకేసుకొస్తాడు. పైగా వీరతాడు బహుమతి!

అసలు తమాషా ఆ తర్వాత జరిగింది. మన పత్రికలు ఈ జంటను రాజకీయ వార్తల్లోకి తెచ్చుకున్నాయి. పదవులు అస్మదీయులకు, కేసులు తస్మదీయులకు. తెచ్చుకున్నవాళ్ళు ఊరుకోకుండా స కింద మ వత్తు చేర్చి ‘తస్మదీయులు’ అని దిద్దారు. అంటే నాలుక తిరగక వచ్చినట్టు సరదాగా కల్పించిన మాటకు సంస్కృత వేషం కట్టారు. ఇప్పుడు దాన్ని వాడేవాళ్ళలో చాలామందికి అది సినిమా మాటని తోచదు. నా లెక్కలో సినిమా మాట భాషలో కలిసిపోవడం అంటే అదీ.

అదే సినిమాలో కంబళికి, తల్పానికి జోడీగా వచ్చిన ‘గింబళి’, ‘గిల్పం’ మాత్రం ఇంత దూరం రాలేదు. చూసినవాళ్ళు మురిపెంగా తలుచుకుంటారంతే. ఎందుకంటే పుస్తకం గిస్తకం, కాఫీ గీఫీ అనడం మనకు ముందునుంచీ ఉన్నదే, కొత్తగా తీరిన అవసరం లేదు. మనవాళ్ళకి ఎదురుగా, వెటకారం ధ్వనించేలా ఒక్క ముక్కలో చెప్పే మాట మాత్రం లోటుగానే ఉండేది. ‘గిట్టనివాళ్ళు’ అంటే ఆ ఎకసెక్కెం రాదు.

ఇంకో సంగతి గమనించారా? ఇలా మిగిలిన మాటలు ఎక్కువగా విలన్లవీ, హాస్యగాళ్ళవీ. ‘ముత్యాలముగ్గు’ (1975)లో ముళ్ళపూడి వెంకటరమణ గారు రాస్తే రావు గోపాలరావు పలికిన ‘కలాపోసన’ చూడండి. కాస్త పాడేవాణ్ణీ, కుండీలో రెండు మొక్కలు పెంచేవాణ్ణీ ‘మీకు కలాపోసన ఎక్కువండీ’ అంటాం. అక్కడ ‘కళాపోషణ’ అని శుద్ధంగా పలికితే అదేదో సన్మాన పత్రంలా ఉంటుంది, చమత్కారం పోతుంది. ‘అహ నా పెళ్ళంట’ (1987)లో కోట శ్రీనివాసరావు పిసినారి లక్ష్మీపతి అడిగే ‘నాకేంటి?’ కూడా అంతే. మాట పాతదే. కానీ ఇప్పుడు ఆ యాసలో సాగదీసి అడిగితే ఎదుటివాడు నవ్వుతాడు, అడిగినవాడి పని కూడా అయిపోతుంది.

హీరో డైలాగుల్ని మాత్రం అనుకరిస్తాం. ‘పోకిరి’ (2006)లో ‘ఒకసారి కమిట్ అయితే నా మాట నేనే వినను’ అన్నామంటే కాసేపు మహేష్‌బాబు అయినట్టే. గొంతు మార్చాలి, ఒక చూపు చూడాలి. బ్యాంకు క్యూలో అంత ఓపిక ఎవరికుంటుంది?

—

పాఠకుల స్పందన: బాగుంది గానీ, హీరోల మాట నిలవదంటే ఒప్పుకోను. ‘పుష్ప’ (2021)లో ‘తగ్గేదేలే’ సంగతేమిటి? మా పాప కూరగాయలు తిననని అదే అంటోంది.

—

జవాబు: నిజమే, దాన్ని కాదనలేం. అయితే అది నిలబడడానికి హీరో ఒక్కడే కారణం కాదనుకుంటాను. ‘ఒప్పుకునేదే లేదు’, ‘వదిలేదే లేదు’ అని రోజూ అంటూనే ఉంటాం, వ్యాకరణం మన నోట్లోనే ఉంది. చివర ‘దు’ ఎగిరిపోవడం ఒకటే తేడా. అదీ రాయలసీమ మాటల్లో వినేదే. అందుకే ఎవరి నోట్లో పెట్టినా ఇట్టే ఒదిగిపోతుంది. గడ్డం కింద చెయ్యి తిప్పకుండా అన్నా చెల్లుతోంది కాబట్టి, దాన్ని కలిసిపోయిన మాటల్లోనే వేసుకుందాం.

—

మరో స్పందన: ‘సుత్తి’ని (విసిగించే మాటల్ని) మరిచారేం? జంధ్యాల ‘నాలుగు స్తంభాలాట’ (1982) తర్వాత వీరభద్రరావు, వేలు ఇద్దరికీ ఆ మాటే ఇంటిపేరైంది. ‘సుత్తి కొట్టకు’ అని విసుక్కునే కుర్రాళ్ళలో ఆ సినిమా చూసినవాళ్ళెందరు? తస్మదీయుల కన్నా ఇదే ముందు వరసలో ఉండాలి. దీన్ని దిద్దడానికి ఏ పత్రికకూ వీలు చిక్కలేదు కూడా.