అప్‌డేట్: 'తీస్రీ కసమ్' పాటల పుస్తకం అసలుదేనా అని అడిగాను కదా

కథల ఆధారంగా తీసిన పాత సినిమాల పోస్టర్లు, పాటల పుస్తకాలు పోగేస్తుంటాను. హిందీ రచయిత ఫణీశ్వర్‌నాథ్ రేణు కథ 'మారే గయే గుల్ఫామ్' ఆధారంగా పాటల రచయిత శైలేంద్ర నిర్మించిన 'తీస్రీ కసమ్' (1966) పుస్తకం ఆన్‌లైన్‌లో కనబడితే, కొనొచ్చా అని మిమ్మల్ని అడిగాను. డబ్బు కట్టకముందే వీడియో కాల్‌లో చూడమన్నారు. చూశాను. కొనలేదు.

మధ్య పేజీలో తుప్పు మరక ఉంది. కానీ పిన్ను మాత్రం తళతళా మెరుస్తోంది, పైగా మరకకు కాస్త పక్కన ఉంది. అంటే మరకతో సహా స్కాన్ చేసి ప్రింట్ కొట్టారన్నమాట! అట్ట మీది మడత కూడా బొమ్మలోనే ఉంది, కాగితానికి లేదు. కెమెరా దగ్గరికి పెట్టమంటే నల్ల అక్షరాల అంచుల్లో రంగు చుక్కలు, అంటే అది కలర్ ప్రింటే. అయినా అమ్మే ఆయన "ఒరిజినలే సార్" అంటూ వాదిస్తూనే ఉన్నాడు.

ఈలోగా ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద ఒక పాత పత్రికలో 'ఒక ఊరి కథ' ప్రకటన దొరికింది. ప్రేమ్‌చంద్ హిందీ కథ 'కఫన్'ని మృణాల్ సేన్ 1977లో తెలుగులో తీసిన సినిమా అది. ధర చెబితే నవ్వుతారు. నా దృష్టిలో ఆ నకిలీ పుస్తకం కంటే ఇదే విలువైనది.

లామినేషన్ చేయించమన్నవారికి ఒక దండం. ఒకసారి అతికిందంటే ఇక ఊడదు. ఆ ప్రకటనను పీవీసీ కాని పాలిస్టర్ కవర్లో పెట్టి, వెనక యాసిడ్ లేని అట్ట వేశాను. సెల్లోటేప్ జోలికి పోలేదు.

'ఒక ఊరి కథ' పోస్టర్ ఎవరి దగ్గరైనా ఉంటే అమ్మకపోయినా ఫర్వాలేదు, ఒక ఫొటో పెట్టండి.