పాత రెండు సిలిండర్ల బండికి బోరు చేయించాలా, బీఎస్6 కొనాలా?

రేవుదారి (పాలకొల్లు)
నాది 2011 టాటా ఏస్. పార్సిళ్లు వేస్తాను. పొద్దున్నే పాలకొల్లులో లోడు, నరసాపురంలో సగం దింపి, పంటు మీద గోదావరి దాటి సఖినేటిపల్లి చేరి, రాజోలు వైపు ఊళ్లన్నీ తిరిగి సాయంత్రానికి ఇల్లు. రోజుకు నూట పది కిలోమీటర్లు, నలభై అయిదు యాభై చోట్ల ఆపాలి. మూడు లక్షల కిలోమీటర్లు దాటి ఉంటుంది. మీటరు ఎప్పుడో ఆగిపోయింది కాబట్టి అది నా అంచనా. ఈ మధ్య నీలం పొగ వస్తోంది, వారానికి అర లీటరు ఆయిల్ తాగుతోంది. మా మెకానిక్ ఇంజన్ దించి బోరు (అరిగిన సిలిండర్లు మళ్లీ సాపు చేయడం), పిస్టన్లు, హెడ్ పని అన్నీ కలిపి అరవై అయిదు వేలు అన్నాడు. ఫైనాన్స్ వాళ్లేమో పాతది ఇచ్చేయండి, కొత్త పొగ నిబంధనల బీఎస్6 డీజిల్ పికప్ ఇప్పిస్తాం, నెలకు పదహారు వేలు, అయిదేళ్లు అంటున్నారు. మా ఆవిడ బోరు అంటోంది, మా బావమరిది కొత్తది అంటున్నాడు. ఇద్దరికీ బండి నడపడం రాదు. మీరు చెప్పండి.

గ్రీజుచేతులు (ఆకివీడు)
బోరు చేయించు తమ్ముడూ, ఇందులో ఆలోచించడానికి ఏముంది. నీలం పొగ అంటే రింగులు, వాల్వు సీళ్లు. అది జబ్బు కాదు, వయసు. ఆ ఇంజన్లో కంప్యూటర్ లేదు, టర్బో లేదు. పంపు డీజిల్ తోస్తుంది, నూట యాభై బార్ ప్రెషర్ చుట్టుపక్కల నాజిల్ తెరుచుకుని పక్కనున్న చిన్న గదిలోకి చిమ్ముతుంది, అక్కడ అంటుకుని సిలిండర్లోకి వస్తుంది. అంతే కథ. డీజిల్లో కాస్త చెత్త వచ్చినా దగ్గి ముందుకు పోతుంది. కొత్త వాటిలో కామన్ రైల్, అంటే అన్ని ఇంజెక్టర్లకీ ఒకే గొట్టం నుంచి డీజిల్, పదహారు వందల బార్ దాకా ప్రెషర్. ఇంజెక్టర్ రంధ్రాలు కంటికి ఆనవు. ట్యాంకులో నీళ్లు చేరి నాలుగు ఇంజెక్టర్లూ పోయాయనుకో, నీ బోరు ఖర్చు దాటిపోతుంది. ఏస్ వచ్చిన కొత్తల్లోనుంచి ఈ ఇంజన్లు దించుతున్నాను. ఇండికా కారు ఇంజన్ సగానికి కోసి పెట్టారు, అందుకే నాకు మొదటి రోజే చెయ్యి తిరిగింది.

లెక్కలమాస్టారు (అమలాపురం)
సగానికి కోశారనడం సరికాదండి. కోసిన ఇంజన్ నడవదు.

గ్రీజుచేతులు
మాస్టారూ, మాట వరసకు అన్నాను.

లెక్కలమాస్టారు
మాట వరసే ఊళ్లో నిజమైపోతుంది. ఇండికా ఇంజన్ పేరు 475, అంటే నాలుగు సిలిండర్లు, 75 మిల్లీమీటర్ల బోరు (సిలిండర్ లోపలి వెడల్పు). ఏస్‌ది 275, అంటే అదే బోరు, రెండు సిలిండర్లు. స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) రెండింటికీ 79.5. లెక్క వేస్తే సిలిండరుకు 351 సీసీ చిల్లర. నాలుగైతే 1405, రెండైతే 702. కొలత ఒకటే కానీ క్రాంకు, బ్లాకు వేరే పోత పోయాలి. కాబట్టి కోయలేదు.

పుంతకుర్రాడు
మాస్టారు రిటైరయ్యారు, లెక్కలు రిటైరు కాలేదు.

ఆరుబళ్లు (తణుకు)
నాకు ఆరు బళ్లున్నాయి. రెండు పాత ఇంజన్లవి, నాలుగు బీఎస్6. నోట్‌బుక్‌లో రాసుకుంటాను కాబట్టి చెప్తున్నాను. పోయిన ఏడాది ఆ రెండు పాతవీ కలిసి పదకొండు సార్లు షెడ్డుకెళ్లాయి. నాలుగు కొత్తవీ కలిసి మూడు సార్లు. మరి ఏది గట్టిది? మనవాళ్లు ఒక పొరపాటు చేస్తారు. తొందరగా బాగుపడే బండిని చెడిపోని బండి అనుకుంటారు. పాతది చెడిపోతూనే ఉంటుంది, గంటలో బాగవుతుంది కాబట్టి ఎవరికీ గుర్తుండదు.

ఇంక కామన్ రైల్ ఏదో నిన్న ఊడిపడినట్టు మాట్లాడకండి. అశోక్ లేలాండ్ దోస్త్ 2011లోనే మూడు సిలిండర్ల కామన్ రైల్ టర్బోతో వచ్చింది. రేవుదారి గారి బండీ అదే ఏడాదిది. ఆ దోస్త్‌లు ఇప్పటికీ మన ఊళ్లలో అరటి గెలలు మోస్తున్నాయి. పక్క గదిలో డీజిల్ అంటుకునే పద్ధతిలో వేడి ఆ గది గోడలకే పోతుంది, అందుకే లోడుకి తగ్గ మైలేజీ రాదు. ఇది ఏ డిప్లొమా కుర్రాణ్ణి అడిగినా చెప్తాడు.

ఐసుపెట్టె (భీమవరం)
ఆ మూడు సార్లలో ఒకసారి ఎలా ఉంటుందో నేను చెప్తాను ఆరుబళ్లు గారూ.

నాదీ బీఎస్6 డీజిల్ పికప్పే, కంపెనీ పేరు ఎందుకులెండి. మే నెల. చెరువు దగ్గర రొయ్య ఎత్తాం, టబ్బుల్లో ఐసు వేశాం, ప్లాంటుకి బయల్దేరాం. దార్లో పసుపు లైటు వెలిగింది. సరేలే అనుకున్నాను, అంతకు ముందు వారం కూడా వెలిగి ఆరింది. ఇంకో నాలుగు కిలోమీటర్లకి ఎర్ర లైటు, బండి నలభై దాటదు. ఎంత తొక్కినా ఎద్దుబండే. షోరూంకి ఫోన్ చేస్తే టోయింగ్ పంపిస్తాం, మధ్యాహ్నం అవుతుంది అన్నారు. మే నెల మధ్యాహ్నం! వేరే బండి తెచ్చి సరుకు మార్చేసరికి పైన టబ్బుల్లో ఐసు నీళ్లయిపోయింది. ప్లాంటు వాళ్లు రేటు కోశారు. షోరూంలో బండి మూడు రోజులు. చివరికి ఏం చేశారయ్యా అంటే కంప్యూటర్ తగిలించి, సైలెన్సర్లో ఉండే ఫిల్టర్లో మసి కాల్చి, ఆయిల్ మార్చి ఇచ్చారు. మసి కాల్చడానికి మూడు రోజులు. ఆ మూడు రోజులూ ఈఎంఐ ఆగిందా?

కొబ్బరిమట్ట
పొయ్యిలో మసి అయితే మా అమ్మ పది నిమిషాల్లో దులుపుతుంది.

ఆరుబళ్లు
ఐసుపెట్టె గారూ, ఒక్క ప్రశ్న. అంతకు ముందు ఆయిల్ ఎక్కడ మార్పించారు?

ఐసుపెట్టె
మా ఊరి షెడ్డులో. అయితే?

ఆరుబళ్లు
ఏ ఆయిల్?

ఐసుపెట్టె
డీజిల్ ఇంజన్ ఆయిల్. డబ్బా మీద ఇంజన్ బొమ్మ ఉంది.

ఆరుబళ్లు
అదీ సంగతి. డీపీఎఫ్, అంటే ఆ మసి ఫిల్టరు, ఉన్న బండికి బూడిద తక్కువ మిగిల్చే ఆయిలే పోయాలి, మాన్యువల్లో గ్రేడు రాసి ఉంటుంది. మసి దానంతట అదే కాలుతుంది కానీ బూడిద కాలదు, ఫిల్టర్లోనే పేరుకుపోతుంది. మామూలు ఆయిల్ పోస్తే ఫిల్టరు పూడిపోవడానికి మనమే సాయం చేసినట్టు. బండిది తప్పు కాదు, షెడ్డుది. ఇరవై ఏళ్ల క్రితం నేర్చుకున్న పనితో ఇవాళ్టి బండి మీద చెయ్యి వేసే వాళ్లున్నంత కాలం పేరు మాత్రం బండికే చెడుతుంది. ఈ థ్రెడ్‌లోనూ ఉన్నారు.

పుంతకుర్రాడు
అయ్యయ్యో.

కొబ్బరిమట్ట
ఈ తలనొప్పంతా ఎందుకండి, సీఎన్‌జీ తీసుకోండి. మసీ లేదు, డీపీఎఫ్ లేదు. మారుతి సూపర్ క్యారీని చూడండి. 2016లో 793 సీసీ డీజిల్‌తో తెచ్చారు, 2020లో బీఎస్6 వచ్చేసరికి డీజిల్ వదిలేసి పెట్రోలు, సీఎన్‌జీ మాత్రమే ఉంచుకున్నారు. చిన్న బండికి డీజిల్ గిట్టదని వాళ్లకే తెలిసింది. గ్యాసు మన కాళ్ల కిందే ఉంది కదా.

మామిడికుదురు_వాసి
కాళ్ల కింద గ్యాసు సంగతి మాకు చెప్పకండి. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం అనే ఊళ్లో గ్యాసు పైపు పేలినప్పుడు మా పెదనాన్న కొడుకు అక్కడే ఉన్నాడు. సీటు వెనకాల సిలిండర్ పెట్టుకుని తిరగమంటారా?

లెక్కలమాస్టారు
బాబూ, మీ బాధ అర్థమైంది. కానీ అది భూమిలో తుప్పు పట్టిన పైపు. బండి సిలిండర్ 200 బార్‌కి కట్టిన మందపాటి ఉక్కు, మూడేళ్లకోసారి టెస్టు చేయించాలి. రెండూ ఒకటి కావు.

మామిడికుదురు_వాసి
టెస్టు చేయించే వాళ్లు ఎంతమంది మాస్టారూ? ఆ పైపుకీ టెస్టులున్నాయనే అన్నారు.

గ్రీజుచేతులు
రెండు రోజుల నుంచి జవాబు రాయకూడదనుకున్నాను. ఆరుబళ్లు గారూ, ఆ ఐసుపెట్టె బండికి ఆయిల్ పోసిన షెడ్డు నాది కాదు. కానీ నాది అయి ఉండొచ్చు. బీఎస్6 బండి నా షెడ్డుకి మొదటిసారి వచ్చినప్పుడు నేనూ మామూలు ఆయిలే పోశాను. ఎవరు చెప్పారు నాకు? 2020 ఏప్రిల్ 1న బీఎస్4 ఆపేసి, మధ్యలో బీఎస్5 కూడా లేకుండా బీఎస్6 పెట్టారు. షోరూం కుర్రాళ్లకి ట్రైనింగ్ ఇచ్చారు. షెడ్డు పెట్టుకుని ఈ జిల్లాల్లో బళ్లన్నిటినీ తిప్పుతున్న మాలాంటి వాళ్లకి ఒక్క కాగితం వచ్చిందా? పది వేలు పెట్టి స్కానర్ కొన్నాను. పీ2463 అని కోడు చూపిస్తుంది, అంటే ఫిల్టర్లో మసి నిండిందని. తెలిసింది. తెలిసి ఏం చేయను? మసి కాల్చమని ఇంజన్‌కి చెప్పే ఆర్డరు ఆ స్కానర్లో లేదు. ఉన్న స్కానర్ ధరకి నా షెడ్డు అడ్వాన్సు కట్టొచ్చు. నా చేతికింద పనిచేసిన కుర్రాడు ఇప్పుడు షోరూంలో ఉన్నాడు. వాడికి నాజిల్ విప్పడం నేను నేర్పాను, వాడు బటన్ నొక్కితే బండి బాగవుతుంది, నేను నొక్కడానికి బటన్ లేదు. నాకు పని రాదనకండి. రానివ్వలేదు.

ఐసుపెట్టె
గురువు గారూ, మీ మీద నాకేం కోపం లేదు. షెడ్డు వాడు రాత్రి పదకొండుకి ఫోనెత్తుతాడు. షోరూం ఎత్తదు.

ఆరుబళ్లు
అన్నగారూ, మాట తూలాను. కానీ నా బాధ కూడా వినండి. ఆరు బళ్లకి ఆరుగురు డ్రైవర్లు. పాత బళ్లు ఆరు ఉన్నప్పుడు నెలనెలా షెడ్డు బిల్లులు వచ్చేవి. నాజిల్ మార్చాం, పంపు విప్పాం, డీజిల్ కారిపోయింది. మార్చారో లేదో నాకేం తెలుసు? నాకు ఇంజన్ విప్పడం రాదు. ఒకే పంపు ఏడాదిలో మూడు సార్లు బాగుచేయించినట్టు బిల్లు కట్టాను. కొత్త బండి ఎక్కడ ఆగిందో, ఎంతసేపు ఇంజన్ ఆన్‌లో ఉందో నా ఫోన్లో కనిపిస్తుంది. షోరూం బిల్లు ఎక్కువే, కానీ దొంగ బిల్లు కాదు. మన్నిక అని నేను నోట్‌బుక్ తీశాను కానీ, నిజం చెప్పాలంటే నాకు కావాల్సింది ఎవరినీ నమ్మక్కర్లేని బండి.

గ్రీజుచేతులు
అలా చెప్పండి. నాకు కావాల్సింది నన్ను నమ్మే బండి. ఇద్దరం ఇంజన్ గురించి మాట్లాడుకోవడం లేదన్న మాట.

పుంతకుర్రాడు
ఇంతకీ రేవుదారి అన్న ఎక్కడ?

రేవుదారి
ఇక్కడే ఉన్నాను, పంటు మీద. అన్నీ చదువుతున్నాను. ఒక సంగతి అర్థం కాలేదు. మసి దానంతట అదే కాలుతుందన్నారు కదా, ఎప్పుడు?

ఆరుబళ్లు
ఫిల్టరు నిండుతుంటే ఇంజనే కాస్త డీజిల్ ఎక్కువ చిమ్మి పొగ వేడి పెంచుతుంది, ఆరు వందల డిగ్రీల దగ్గర మసి కాలిపోతుంది. దానికి బండి ఆపకుండా ఓ ఇరవై నిమిషాలు మంచి స్పీడులో పోవాలి. మధ్యలో ఆపేస్తే సగంలో ఆగుతుంది. అలా పదే పదే ఆగితే చిమ్మిన డీజిల్ కిందకి జారి ఇంజన్ ఆయిల్లో కలుస్తుంది. డిప్‌స్టిక్ మీద ఆయిల్ తగ్గాల్సింది పోయి పెరుగుతుంది.

రేవుదారి
పాలకొల్లు నుంచి నరసాపురం రేవు పావుగంట. అక్కడ ఇంజన్ ఆపాలి. అవతల ఒడ్డు ఎక్కాక ఊరికో ఆపు. గట్టు రోడ్డు మీద గేదెలు అడ్డం. ఇరవై నిమిషాలు ఆపకుండా నేను నా పెళ్లప్పుడు కారులో తప్ప ఎప్పుడూ పోలేదు.

ఆరుబళ్లు
నా నాలుగు కొత్త బళ్లూ తణుకు నుంచి రావులపాలెం మీదుగా రాజమండ్రి తిరుగుతాయి. పదహారో నంబరు హైవే. మీ రూటు ఇలా ఉంటుందని నేను అనుకోలేదు. మొదటి పోస్టులోనే రాశారు, నేనే చదవలేదు. మీ రూటుకి బీఎస్6 డీజిల్ వద్దండి. కొత్తది కావాలంటే పెట్రోలో, సీఎన్‌జీయో చూడండి.

ఐసుపెట్టె
ఈ ముక్క మొన్నే చెప్పుంటే నలభై పోస్టులు తప్పేవి.

యానాం_బైపాస్
డీజిల్ మా యానాంలో కొట్టించండి, లీటరుకి మిగులుతుంది.

కొబ్బరిమట్ట
చవక డీజిల్‌తోనే ఇంజెక్టర్లు పోతాయి.

గ్రీజుచేతులు
పోవు. అక్కడ పన్ను తక్కువ, అందుకే చవక. 2020 నుంచి దేశమంతా ఒకే బీఎస్6 డీజిల్. డ్రమ్ముల్లో తెచ్చి అమ్మే వాళ్ల దగ్గర మాత్రం కొట్టించకండి.

రేవుదారి
సరే, బోరే. ఏటా ఫిట్‌నెస్ ఎలాగూ తప్పదు, రెండు మూడేళ్లు లాగిస్తే పెద్దమ్మాయి పెళ్లి అప్పు తీరుతుంది, అప్పుడు సీఎన్‌జీ సంగతి చూస్తాను. గ్రీజుచేతులు అన్నా, ఆకివీడు తీసుకొస్తే ఎన్ని రోజులు పడుతుంది? మా మెకానిక్ కొలవకుండానే అరవై అయిదు అన్నాడు, అదే అనుమానం.

గ్రీజుచేతులు
ముందు కంప్రెషన్ చూడాలి. వాల్వు సీళ్లతో పోతే బోరు అక్కర్లేదు. ఆదివారం రా, ఇంజన్ దించకుండానే చెప్తాను. ఆరుబళ్లు గారూ, మీరు కూడా రండి, బిల్లు మీ ఎదురుగానే రాస్తాను.

ఆరుబళ్లు
వస్తాను. నోట్‌బుక్ తెస్తాను.

లెక్కలమాస్టారు
బోరు చేయించి అర మిల్లీమీటరు ఓవర్‌సైజు పిస్టన్లు వేస్తే 75.5 అవుతుంది. అంటే మీ బండి 712 సీసీ. ఆర్‌సీలో 702 అనే ఉంటుంది. చూసుకోండి.

గ్రీజుచేతులు
మాస్టారూ, స్లీవ్ (సిలిండర్లో కొత్త గొట్టం) వేస్తే మళ్లీ 75కే వస్తుంది.

లెక్కలమాస్టారు
అయితే సరే.