కన్యాశుల్కం పేరడీలో రోబో: ఇమిడిందా, ఇరికించారా?

సిరిపురం ప్రేక్షకుడు:
మొన్న ఆదివారం మన వైజాగ్ కుర్రాళ్లు వేసిన కన్యాశుల్కం పేరడీ చూశారా? గిరీశానికి శిష్యుడు వెంకటేశం కాదు, భవిష్యత్తు నుంచి ఊడిపడ్డ రోబో. విన్నదేదీ మరవదు, అబద్ధమాడలేదు. నాకైతే నచ్చింది.

మద్దిలపాలెం మాస్టారు:
ఏం నచ్చిందండీ? నాటకం తొలిసారి ఆడింది 1892లో. గురజాడ వెళ్లిపోయింది 1915లో. రోబో రంగస్థలం ఎక్కిందే 1921లో, చెక్ రచయిత కారెల్ చాపెక్ నాటకంతో. అట్టపెట్టెలకు వెండిరంగు పూసి తెచ్చి నిలబెట్టేస్తే సరిపోయిందా?

యారాడ కుర్రోడు:
నవ్వడానిక్కూడా తారీఖులు సూడాలేటి మాస్టారూ? రోబో పుట్టిందే నాటకంలో అని మీరే సెప్పారు. పుట్టింటికొచ్చిందనుకోండి.

బొంకులదిబ్బ:
తారీఖుల గొడవ వదిలేయండి. పేరడీలోకి ఎవరొచ్చినా సరే, వచ్చినవాడికి పనుండాలి. గిరీశం బతికేది నోటి మీద, నిన్న కోసిన కోతలు ఇవాళ ఎవరికీ గుర్తుండవన్న ధీమా మీద. అలాంటివాడి పక్కన మరుపులేని యంత్రాన్ని పెట్టడం మంచి ఊహే. మధురవాణి ఇంట్లో మంచం కింద రామప్పంతులు, గిరీశం ఇద్దరూ నక్కారు. చీపురుతో వచ్చిన పూటకూళ్లమ్మ "ఏడీ వాడు?" అనగానే రోబో తడుముకోకుండా "మంచం కింద రెండు శాల్తీలు. మీకు బాకీ ఉన్నది ఎడమవైపుది" అంది. హాలు గొల్లుమంది.

గొడవంతా చివరి అంకంతోనే. 1909 కూర్పులో ఆ సీను జరిగేది మన విశాఖలోనే. వకీలు సౌజన్యారావు పంతులు ముందు గిరీశం బండారం బయటపెట్టేది మధురవాణి. వీళ్లేమో రోబో చేత రికార్డింగు వినిపించేశారు. నాటకం మొత్తానికి తెలివైన మనిషి ఆవిడ, ఆవిణ్ణి చేతులు కట్టుకుని నిలబెట్టారు. నాకు ఒళ్లు మండింది.

సిరిపురం ప్రేక్షకుడు:
అబద్ధమాడలేని యంత్రం కదండీ, తెలిసింది చెప్పకుండా ఎలా ఊరుకుంటుంది?

బొంకులదిబ్బ:
మరి అదే అంకంలో మధురవాణి మగవేషంలో సౌజన్యారావు గారింటికి వస్తే ఎలా ఊరుకుంది? మంచం దగ్గర అడిగీ అడగ్గానే వాగిందే! ఇక్కడ వాగితే కథ ఆగిపోతుందని రాసినవాళ్లే దాని నోరు నొక్కారు. వాళ్లు పెట్టుకున్న నియమం వాళ్లే తప్పితే ఎలా?

మద్దిలపాలెం మాస్టారు:
అందుకే వద్దంటున్నాను. వెంకటేశాన్ని తీసేసి బావుకున్నదేమిటి?

యారాడ కుర్రోడు:
ఉండండి మాస్టారూ. మళ్లీ ఏసినప్పుడు ఆఖరి అంకానికి ముందే రోబోకి ఛార్జింగు అయిపోయిందనిపిద్దాం. సౌజన్యారావు గారింట్లో ప్లగ్గుండదు కదేటి.