నల్లమల అడవి మంటలకి డీఎన్‌బీఆర్ (కాలిన నేలని చూపే శాటిలైట్ లెక్క) పనికొస్తుందా? తెలిసినవాళ్లు చెప్పండి ప్లీజ్

నమస్తే అండి, మాది గుంటూరు, ఎంటెక్ ప్రాజెక్టుకి నల్లమలలో వేసవి మంటల్ని శాటిలైట్ డేటాతో చూస్తున్నా. ఇప్పుడు పేపర్లన్నీ డీప్ లెర్నింగ్, యూనెట్ (ఇమేజీలో ఏ భాగం ఏంటో గుర్తించే ఏఐ మోడల్) అంటూ అటే పరిగెడుతున్నాయి, మా గైడ్ గారు కూడా అదే చెయ్యమంటున్నారు గానీ నా చిక్కు అంతకంటే ముందుంది. సెంటినెల్-2 శాటిలైట్‌లో మంటకి ముందు, తర్వాత ఇమేజీలు తీసి డీఎన్‌బీఆర్ లెక్కేస్తే ఫిబ్రవరి, మార్చిలో ఆకు రాలిన కొండలు కూడా కాలినట్టే చూపిస్తోంది, అసలు నిప్పే పడని చోట! అమెరికాలో కోనిఫర్ (సూదుల్లాంటి ఆకుల చెట్ల) అడవుల్లో, ఎంత దాటితే కాలినట్టు అని పెట్టుకున్న కటాఫ్‌లు మన ఆకురాల్చే అడవికి ఎలా సరిపోతాయి, నాకైతే డౌటే.

మంటకి ముందు ఇమేజీగా పోయినేడాది ఇదే నెలది తీసుకోవాలా, లేక మంటకి నాలుగు రోజుల ముందుదా?

ఇంకోటి, నాసా ఫర్మ్స్‌లో (మంటల్ని మ్యాప్ మీద చూపే సైట్) వీర్స్ అనే శాటిలైట్ సెన్సర్ పాయింట్లు 375 మీటర్లవి, శాటిలైట్ పైనుంచి వెళ్లేలోపు గడ్డిమంట ఆరిపోతే అందులో పడదు కదా, అలాంటివి ఎలా పట్టుకుంటున్నారు? ఇటు చూస్తే కృష్ణా డెల్టాలో వరిగడ్డి తగలబెట్టినవి కూడా అవే ఎర్ర చుక్కలు. అడవి హద్దుల షేప్‌ఫైల్‌తో (మ్యాప్ ఫైల్) బయటివి కోసేస్తే చాలా, అంచున ఉన్న పొలాల సంగతేంటి?

గూగుల్ ఎర్త్ ఇంజిన్‌లో (శాటిలైట్ డేటా లెక్కలు చేసుకునే ప్లాట్‌ఫామ్) ఎవరైనా చేసుంటే కాస్త దారి చూపించండి.