‘సెట్’ అంటే పెట్టుడా, కుదురుడా, పొద్దుగూకుడా?

(మాట్లాడేటోళ్లను వాళ్ల ఊరి పేర్లతో చూపినం.)

నల్లగొండ: పోటీ పరీక్షల పిల్లలకు ఇంగ్లిషు చెప్పేటోళ్లకు ‘సెట్’ దగ్గర చిక్కొస్తది. నిఘంటువులో మొదటి అర్థం ‘ఉంచు’ అని ఉంటది. ‘ది సన్ సెట్స్’ దగ్గర అది పనికిరాదు. ఏ కొసన పట్టుకొని చెప్పాలె?

దేవరకొండ: అర్థాలు బట్టీ పట్టిస్తే ఒడువది సారూ. 1989 నాటి ఆక్స్‌ఫర్డ్ పెద్ద నిఘంటువులో ఈ ఒక్క క్రియకే 430 దాకా అర్థాలున్నయి. ముందు ‘దేన్ని?’ అని అడిగించండి. జవాబు దొరికితే చాలాచోట్ల మన ‘పెట్టు’ సరిపోతది: అలారం పెట్టు, నిప్పు పెట్టు, ముహూర్తం పెట్టు, గడువు పెట్టు. జవాబు లేకపోతే ఆ పని దానంతటదే అయిందన్నట్టు. అక్కడ తెలుగుకు ఒక్క మాట చాలదు. పొద్దు గూకింది, పెరుగు తోడుకుంది, విరిగిన ఎముక అతుక్కుంది, సిమెంటు బిగిసింది. ఇంగ్లిషులో ఈ నాలుగింటికీ ‘సెట్’ నడుస్తది. దీని పుట్టుక చెప్తే పిల్లలకు ఇంకా పడతది: పాత ఇంగ్లిషులో ‘సిట్’ అంటే కూసునుడు, ‘సెట్’ అంటే కూసుండబెట్టుడు.

మిర్యాలగూడ: సిమెంటు సంగతి ఒకటి కలుపుత. ‘సెట్’ను ‘గట్టిపడు’ అని రాస్తే పెద్ద తప్పు. సాధారణ పోర్ట్‌లాండ్ సిమెంటుకు నీళ్లు కలిపినంక తొలి సెట్టింగు (బిగుసుడు మొదలయ్యేది) 30 నిమిషాలకు తక్కువ ఉండొద్దు, తుది సెట్టింగు (పూర్తిగ బిగిసేది) 600 నిమిషాలు దాటొద్దు. అది బిగుసుడు మాత్రమే. బలం తర్వాత రోజుల తరబడి వస్తది, అందుకే 28వ రోజు పరీక్ష చేస్తరు. ‘600 నిమిషాల్లో గట్టిపడుతుంది’ అని అనువదిస్తే, అది చదివినోళ్లు మర్నాడే సెంట్రింగు విప్పుతరు, స్లాబు పగుళ్లిస్తది.

మహబూబ్‌నగర్: మన నోట్లె ‘సెట్టు’ వేరే మాట అయిపోయింది, అది కూడ చెప్పాలె. ‘ఈ అంగీ నాకు సెట్ గాదు’ అంటే ఇంగ్లిషులో ‘సూట్’ వాడాలె. ‘సంబంధం సెట్టయింది’ అంటే ‘ఫిక్స్’. ‘హైదరాబాద్ల సెట్టయిండు’ అంటే ‘సెటిల్’. మూడిట్ల ఏదీ ఇంగ్లిషు ‘సెట్’ కాదు, పరీక్షల రాస్తే మార్కు పోతది. నప్పుడు, కుదురుడు, స్థిరపడుడు అని మూడు మంచి మాటలుండంగ ఒక్కదాన్నే అరగదీస్తున్నం.

నాగర్‌కర్నూల్: కాయితాల మీద ఇంకా జాగ్రత్త కావాలె. బడ్జెట్ల ‘సెట్ అసైడ్’ అంటే ఫలానా పనికని పైసలు విడిగా పెట్టుడు. కోర్టు ఉత్తర్వుల అదే మాటకు కింది కోర్టు తీర్పును రద్దు చేసుడని అర్థం. ‘తీర్పును పక్కన పెట్టింది’ అని వార్తలల్ల వస్తే, చదివేటోళ్లు వాయిదా వేసిండ్రనుకుంటరు. ‘రద్దు చేసింది’ అని తేటగ రాయాలె. ‘సెట్‌బ్యాక్’ కూడ అంతే. మామూలుగ ఎదురుదెబ్బ, ఇంటి పర్మిషన్ల మాత్రం ప్లాటు హద్దుకు, గోడకు నడుమ ఇడిచే జాగ.

నల్లగొండ: మరి భూతకాలం? ‘సెటెడ్’ అని రాస్తున్నరు.

దేవరకొండ: మూడు రూపాలూ ‘సెట్’ తోనే. ‘షీ సెట్స్ ద పేపర్’లో చివర ‘స్’ ఉన్నది, వర్తమానం. ‘షీ సెట్ ద పేపర్’లో లేదు, భూతకాలం. ‘ఐ’, ‘దే’ వచ్చినప్పుడు ఆ గుర్తు ఉండదు, ‘యెస్టర్డే’ లాంటి మాటతోనే తెలుస్తది. తప్పు దిద్దే ప్రశ్నల్లో తరచు పట్టుకునేది ఈ ‘స్’ దగ్గరనే.

సూర్యాపేట: లెక్కల ‘సెట్’ పదో తరగతి పుస్తకంల ‘సమితి’. ఈ గుంపు అనే నామవాచకం అసలు వేరే దారిన వచ్చింది, లాటిన్ ‘సెక్టా’ నుంచి ఫ్రెంచి మీదుగ. టీ కప్పుల సెట్టుకు, పొద్దుగూకుడుకు పోలిక ఎందుకు కుదరదని పిల్లలు అడిగితే ఇదే జవాబు. ఎంసెట్ (ఇప్పుడు ఈఏపీసెట్) పేరుల ‘సెట్’ అయితే మాటే కాదు, మూడు పొడి అక్షరాలు (CET: కామన్ ఎంట్రన్స్ టెస్ట్).